మెరుగు మిగిల్చిన నీరు

కొత్త సైకిలు కొనబోయిన కుర్రవాని చూపు మొట్టమొదట పడేది హేండిలు మీద. ముఖం చూచుకోదగినంత నునుపుగా మెరిసే ఆ హేండిలు నిజానికి మామూలు ఉక్కు గొట్టం. ఉక్కు పైన నికెల్ పొర, నికెల్ పైన క్రోమియం పొర ఎక్కించడం వల్ల దానికి ఆ వన్నె వచ్చింది. పై పొర అయిన క్రోమియం మందం సాధారణంగా మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు కూడా చాలదు. వానకూ, చెమట చేతులకూ తుప్పు పట్టకుండా ఉక్కును కాపాడే బరువు పని నికెల్‌ది. ఆ నికెల్ మాసిపోకుండా నిలిపేది క్రోమియం.

ఒక లోహం మీద మరొక లోహపు పూత వేయడం మనకు కొత్త విద్య కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు కొలిమితిత్తి భుజాన వేసుకొని వీధి వీధికీ తిరిగిన రోజులు పెద్దలకు జ్ఞాపకమే. హిందీవారు దానినే ‘కలఈ’ అంటారు. అనువాదం వృత్తిగా గల నావంటి వానికి ఇటువంటి ఉమ్మడి మాటలు ఎదురైనప్పుడు పని కొంత తేలికవుతుంది. అయితే తగరాన్ని కరగించి గుడ్డతో రాచే ఆ పూతకూ, నేటి కార్ఖానా పూతకూ నడుమ విద్యుత్తు వచ్చి చేరింది. 1805లో ఇటలీకి చెందిన బ్రుగ్నాటెల్లి విద్యుత్ప్రవాహంతో వెండి పతకాలకు బంగారు పూత వేశాడు. 1840లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో ఎల్కింగ్టన్ దాయాదులు సైనైడు ద్రావణంతో వెండి బంగారు పూతలు వేసే పద్ధతికి పేటెంటు పొందారు. ఈ పరిశ్రమలో సైనైడు ఆనాడే స్థిరపడింది. క్రోమియం పూత వ్యాపార స్థాయికి వచ్చింది 1920లలోనే.

నేడు మన దేశంలో అలీగఢ్ తాళాలు, మొరాదాబాదు ఇత్తడి సామాను, జామ్‌నగర్ ఇత్తడి విడిభాగాలు, లూధియానా సైకిలు సామాను—వీటన్నిటి వెనుక ఎక్కడో ఒకచోట ప్లేటింగు తొట్టి వున్నది. ఈ వ్యాసానికి ఉదాహరణగా లూధియానాను తీసుకోవడం ఎందుకంటే, అక్కడ తొట్టిలోని నీరు ఎంత దూరం ప్రయాణం చేస్తుందో పటంలో వేలు పెట్టి చూపించవచ్చు.

లూధియానాలో పేరుపొందిన పెద్ద సైకిలు కర్మాగారాలతోపాటు వాటికి హేండిళ్ళు, రిమ్ములు, నట్లు, బోల్టులు చేసి యిచ్చే చిన్న కార్ఖానాలు లెక్కకు మిక్కిలిగా వున్నాయి. పనివారిలో చాలామంది ఉత్తర ప్రదేశ్, బీహారుల నుంచి వచ్చినవారు. నగరం గుండా ఒక కాలువ పారుతుంది. మొదటిసారి ఒక హిందీ వ్యాసాన్ని తెలుగు చేస్తూ దానిని నేను ‘బుద్ధ నాలా’ అని రాసి, గౌతముని పేరు ఈ కాలువకు ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపడ్డాను. తప్పు నాదే. అది ‘బుడ్ఢా నాలా’, అంటే ముసలి కాలువ. సట్లెజ్ నది ఒకప్పుడు పారి విడిచిపెట్టిన పాత గర్భం అది. ఆ పాత ప్రవాహపు ఒడ్డుననే లూధియానా వెలసింది. ఇప్పుడు దానిని ‘బుడ్ఢా దరియా’, ముసలి నది, అని మర్యాదగా పిలుస్తున్నారు.

ఈ ముసలి నది నగరం దాటి కొంత దూరం పోయి మళ్ళీ సట్లెజ్‌లోనే కలుస్తుంది. సట్లెజ్ హరికే వద్ద బియాస్‌తో కలుస్తుంది. హరికే ఆనకట్ట నుంచి బయలుదేరే కాలువలు దక్షిణ పంజాబుకూ, రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్, బికానేర్, జైసల్మేర్ జిల్లాలకూ నీరు తీసుకొనిపోతాయి. ఆ ఎడారి పల్లెలలో కొన్నిటికి కాలువ నీరే త్రాగునీరు. లూధియానాలో రిమ్మును ముంచి తీసిన తొట్టికీ, జైసల్మేరులో కడవ నింపుకొనే ఇల్లాలికీ మధ్య వరుసగా నీరే వున్నది, గోడ ఏదీ లేదు. బుడ్ఢా నాలాను పాడుచేసినది ప్లేటింగు ఒక్కటే అనడం న్యాయం కాదు. నగరపు మురుగు, అద్దకపు మిల్లుల రంగునీరు, పశువుల పాకల పేడనీరు పరిమాణంలో దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కాని పేడ కొంతకాలానికి మట్టిలో కలిసిపోతుంది. క్రోమియం అలా పోదు. అది మూలకం. సూక్ష్మజీవులు దానిని తినివేయలేవు, మంట కాల్చివేయలేదు.

ఇంతకూ విషం నీటిలోకి ఎక్కడినుంచి వస్తున్నది? తొట్టిలోని ద్రావణాన్ని ఎవరూ ఊరికే పారబోయరు. అది ఖరీదైన సరకు. క్రోమియం తొట్టిలో లీటరు నీటికి దాదాపు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, దానిలో నూరవ వంతు గంధకామ్లం వుంటాయి. హేండిలును రాకుకు తగిలించి ఈ తొట్టిలో ముంచి, విద్యుత్తు పంపి, పైకి తీస్తారు. తీసినప్పుడు హేండిలుకు పలుచని తడి అంటుకొని వస్తుంది. ఆ తడిని పోగొట్టడానికి పక్కనే వున్న నీళ్ళ తొట్టిలో ముంచి కడుగుతారు. విషమంతా ఆ కడుగునీటిలో వున్నది. ముంచి తీసిన ప్రతి వస్తువూ రెండు మూడు చెంచాల ద్రావణాన్ని తొట్టి నుంచి దొంగిలించి కడుగునీటికి అందిస్తున్నదన్నమాట.

ఇది స్వల్పమని తోచవచ్చు. లెక్క కట్టి చూతాము. 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లంలో 130 గ్రాముల క్రోమియం వుంటుంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద ఏర్పడిన నియమాల ప్రకారం, కాలువలోకి వదిలే నీటిలో విషరూపమైన క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించరాదు. తొట్టి ద్రావణం ఒక్క లీటరును నీరు కలిపి ఆ ప్రమాణానికి తేవాలంటే 13 లక్షల లీటర్ల నీరు కావాలి. అంత నీరు ఎవరివద్దా లేదు. వున్నప్పటికీ ఫలితం లేదు, ఎందుకంటే క్రోమియం బరువు అంతే వుంటుంది, కొలత మాత్రం పలుచబడుతుంది. చట్టం లీటరుకు ఇంత అని కొలుస్తుంది. బోరు నీరు కలిపి కొలతను మాయచేయడం దొంగలెక్క. ఎక్కడెక్కడి కార్ఖానాలలోనూ ఇది బొత్తిగా తెలియని విద్య కాదు.

‘విషరూపమైన క్రోమియం’ అన్న మాటను విడమరచి చెప్పవలసి వున్నది. క్రోమియం పరమాణువు ఆరు ఎలక్ట్రానులను వదులుకొన్న స్థితిలో షట్సంయోజక క్రోమియం అనిపించుకొంటుంది. మూడింటిని మాత్రమే వదులుకొంటే త్రిసంయోజక క్రోమియం. మూలకం ఒకటే, నడవడి వేరు. షట్సంయోజక క్రోమియం నీటిలో క్రోమేటు రూపంలో వుంటుంది. ఆ క్రోమేటు ఆకారంలో సల్ఫేటును పోలి వుంటుంది. సల్ఫేటు మన జీవకణాలకు అవసరమైన పదార్థం గనుక దానికోసం కణం తెరచి వుంచిన ద్వారం గుండానే క్రోమేటు కూడా లోనికి చొరబడుతుంది. లోపల అది క్షయకరణం పొందుతూ కణంలోని జన్యుపదార్థాన్ని గాయపరుస్తుంది. అందువల్లనే అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ దానిని మానవులలో కేన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. త్రిసంయోజక క్రోమియానికి ఆ ద్వారం తెరుచుకోదు.

తొట్టి వద్ద నిలిచి పనిచేసేవాడు కాలువ నీటికోసం ఎదురుచూడనక్కరలేదు. క్రోమియం ప్లేటింగులో పంపిన విద్యుత్తులో అయిదవ వంతో అంతకు తక్కువో పూత వేయడానికి వినియోగమవుతుంది. మిగిలినదానిలో అధికభాగం హైడ్రోజన్ బుడగలుగా పైకి వస్తుంది. ఆ బుడగలు చిట్లినప్పుడు క్రోమిక్ ఆమ్లపు తుంపర గాలిలోకి లేస్తుంది. చాలాకాలం దానిని పీల్చినవారి ముక్కుదూలానికి రంధ్రం పడడం ఈ వృత్తిలో ఎన్నో దేశాల వైద్యులు నమోదు చేసిన వ్యాధి. చేతిమీద చిన్న గీతపడినచోట ఆమ్లం తగిలితే మానని పుండవుతుంది.

ఇక శుద్ధి సంగతి. నీటిలో కరిగివున్న లోహాన్ని బయటికి తీయడానికి రసాయన శాస్త్రం నేర్పిన ఉపాయం మౌలికంగా ఒక్కటే. లోహాన్ని కరగని రూపంలోకి మార్చి అడుగుకు దింపాలి. సున్నం గాని కాస్టిక్ సోడా గాని కలిపి నీటిని క్షారంగా చేస్తే చాలా లోహాలు హైడ్రాక్సైడులై అవక్షేపం చెందుతాయి. రాగి, నికెల్, తుత్తునాగం ఈ దారిన వస్తాయి. షట్సంయోజక క్రోమియం రాదు. ఎంత సున్నం పోసినా పచ్చని నీరు పచ్చగానే వుంటుంది. సున్నం పోశాము గనుక శుద్ధి అయిపోయిందని నమ్మడం ఈ విషయంలో అతి సాధారణమైన పొరపాటు.

క్రోమియాన్ని ముందుగా షట్సంయోజక స్థితి నుంచి త్రిసంయోజక స్థితికి దింపాలి. అంటే దానికి మూడు ఎలక్ట్రానులు దానం చేయాలి. దీనినే క్షయకరణం అంటారు. ఇందుకు ఎక్కువగా వాడేది సోడియం మెటాబైసల్ఫైటు. నీటిలో గంధకామ్లం కలిపి పి.హెచ్. విలువను 2, 3 మధ్యకు తెచ్చిన తరువాత ఈ పొడిని కొద్దికొద్దిగా కలుపుతూ తిప్పుతారు. పి.హెచ్. అంటే ఆమ్ల క్షార గుణాలను తెలిపే కొలత. 7 తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. పి.హెచ్. 2 వద్ద నిమిషాలలో ముగిసే ఈ చర్య 5 దాటిన తరువాత ఎంతో మందగిస్తుంది. ఆమ్లం పొదుపు చేసినవాడు మెటాబైసల్ఫైటును వృథా చేసుకొంటాడు.

ఈ మార్పు కంటికి కనబడుతుంది. నారింజ పసుపు రంగులో వున్న నీరు క్రమంగా పలుచబడి, చివరకు నీలికలసిన ఆకుపచ్చగా మారుతుంది. పనిలో ఆరితేరినవారు రంగును చూచి ఆపుతారు. రంగు ఒక్కటే చాలదు. కంటికి కనబడని స్వల్పాంశం కూడా ప్రమాణానికి ఎన్నో రెట్లు కావచ్చును. డైఫినైల్ కార్బజైడు అనే కారకాన్ని రెండు చుక్కలు వేస్తే షట్సంయోజక క్రోమియం ఏమాత్రం మిగిలివున్నా నీరు ఎరుపుకలసిన ఊదారంగు పొందుతుంది. చిన్న కార్ఖానా కూడా భరించగల పరీక్ష ఇది.

తరువాతి మెట్టులో సున్నం గాని కాస్టిక్ సోడా గాని కలిపి పి.హెచ్.ను 8, 8.5 వరకు పెంచుతారు. బూడిద ఆకుపచ్చ రంగు తునకలు తెరలు తెరలుగా విడిపోయి క్రిందికి దిగుతాయి. అదే క్రోమియం హైడ్రాక్సైడు. మన ఇళ్ళలో గోదావరి వరదనీటికి పటిక వేసినట్లే, ఇక్కడ కూడా తునకలు త్వరగా గుమికూడడానికి పటికనో మరొక సహాయకాన్నో కలపడం కద్దు. పైన తేటపడిన నీటిని వడగట్టి వదలుతారు.

మెటాబైసల్ఫైటుకు బదులుగా మరొక పదార్థమున్నది. అది మన ఆయుర్వేదంలో ‘అన్నభేది’, హిందీలో ‘కసీస్’, రసాయన శాస్త్రంలో ఫెర్రస్ సల్ఫేటు. ఇది చౌక. ఆమ్లం లేకుండానే, తటస్థమైన నీటిలోనే పనిచేస్తుంది. ఒడిశాలోని సుకిందా లోయలో క్రోమైటు గనుల నుంచి వెలువడే నీటిని శుద్ధి చేయడానికి అన్నభేదినే వాడుతూ వచ్చారు. అయితే చౌక అన్నది కొనేటప్పటి మాట. ఒక కిలో క్రోమియానికి మెటాబైసల్ఫైటు లెక్కప్రకారం 2.75 కిలోలు చాలును. అన్నభేది 16 కిలోలు కావాలి. ఆ అన్నభేదిలోని ఇనుము తాను కూడా హైడ్రాక్సైడై అడుగుకు దిగుతుంది. మొదటి పద్ధతిలో ఎండిన లెక్కన 2 కిలోల మడ్డి మిగిలితే, రెండవ పద్ధతిలో 8 కిలోలు మిగులుతుంది. వడపోత యంత్రంలో బాగా పిండిన తరువాత కూడా మడ్డిముద్దలో దాదాపు మూడింట రెండువంతులు నీరే గనుక తూకం వేసేసరికి 6 కిలోలూ, 24 కిలోలూ అవుతాయి. మోయవలసినదీ, దాచవలసినదీ ఆ బరువునే.

సైనైడు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. ఉక్కుపై మొదటి రాగి పూత వేయడానికీ, నట్లు బోల్టులకు తుత్తునాగం పూత వేయడానికీ సైనైడు తొట్లు వాడే కార్ఖానాలలో కడుగునీటిలో లోహంతోపాటు సైనైడు వుంటుంది. అది లోహాన్ని గట్టిగా కౌగిలించుకొని వుంటుంది గనుక సున్నానికి లోహం లొంగదు. ముందు సైనైడును ధ్వంసం చేయాలి. ఇది లోహం కాదు, కర్బనమూ నత్రజనీ కలిసిన సమ్మేళనం. కాబట్టి నిజంగానే ధ్వంసమవుతుంది. నీటిని కాస్టిక్ సోడాతో పి.హెచ్. 10 కంటె పైకి తెచ్చి బ్లీచింగ్ పౌడరు గాని హైపోక్లోరైటు ద్రావణం గాని కలిపితే సైనైడు ఆక్సీకరణం పొంది సైనేటు అవుతుంది. దీని విషగుణం సైనైడుతో పోల్చితే ఎంతో స్వల్పం. తరువాత పి.హెచ్.ను 8, 8.5కు దించి మళ్ళీ క్లోరిన్ అందిస్తే అది నత్రజని వాయువు, బొగ్గుపులుసు వాయువులుగా విడిపోతుంది. మొదటి మెట్టులో పి.హెచ్. తగ్గితే సైనోజెన్ క్లోరైడు అనే విషవాయువు నిలిచిపోతుంది గనుక అక్కడ తొందరపనికి రాదు.

పాఠకులు రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. క్రోమియానికి ఆమ్లం కావాలి, సైనైడుకు క్షారం కావాలి. ఒకటి క్షయకరణం, మరొకటి ఆక్సీకరణం. సైనైడు నీటిని ఆమ్లపు నీటిలో కలిపితే హైడ్రోజన్ సైనైడు వాయువు పైకి లేస్తుంది. అది కొన్ని నిమిషాలలో మనిషి ప్రాణం తీయగలదు. సైనైడు నీటిలో ఇనుము కలిస్తే ఫెర్రోసైనైడు ఏర్పడి, ఆ తరువాత బ్లీచింగ్ పౌడరు ఎంత పోసినా చలించదు. అన్నభేది వాడేవారు, ఉక్కును ఆమ్లంలో కడిగేవారు దీనిని గుర్తుంచుకోవాలి. బ్లీచింగ్ పౌడరు మిగిలివున్న క్షారపు నీరు త్రిసంయోజక క్రోమియంతో కలిస్తే అది తిరిగి షట్సంయోజక క్రోమియంగా మారగలదు. చేసిన పనంతా వెనుకకు నడుస్తుంది.

ఇంత వ్యవహారానికీ కార్ఖానా నేలమీద ఎదురయ్యేది ఒకే ఒక్క మోరీ. చిన్న కార్ఖానా కట్టేటప్పుడు అన్ని తొట్ల కడుగునీరూ ఒకే వాలు గుండా ఒకే గుంటకు చేరేటట్లు నేల చదును చేస్తారు. మేస్త్రీకి అదే తెలిసిన పద్ధతి. ఆనాడే శుద్ధి సగం ఓడిపోయింది. ఆ తరువాత ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా అది ఆ గుంటలోని కలగూరగంపను ఎదుర్కోవలసిందే. క్రోమియానికొక మోరీ, సైనైడుకొక మోరీ, మిగిలిన ఆమ్ల క్షారాలకొకటి వేరువేరుగా కట్టడానికి కావలసినది సిమెంటు, గొట్టాలు, రెండురోజుల కూలి.

వేరుచేయడానికి మరొక కారణం లోహాల పరస్పర వైరుధ్యం. ప్రతి హైడ్రాక్సైడుకూ అతి తక్కువగా కరిగే పి.హెచ్. ఒకటుంటుంది. క్రోమియానికి అది సుమారు 8, రాగికి 9కి దగ్గర, తుత్తునాగానికి 9 దాటి, నికెల్‌కు 10 దాటి, కాడ్మియానికి 11 ప్రాంతాన. నికెల్ కోసం క్షారం పెంచుకొంటూ పోతే అప్పటికే దిగిన క్రోమియం, తుత్తునాగం మళ్ళీ కరగడం మొదలుపెడతాయి. క్రోమియం కోసం ఆగిపోతే నికెల్ నీటిలోనే మిగిలిపోతుంది. అన్నీ కలిసిన నీటికి 9 చుట్టుప్రక్కల రాజీ కుదుర్చుకోవడం పరిపాటి. రాజీలో ఎవరికీ పూర్తి న్యాయం జరగదు. కాడ్మియం విషయంలో ఆ మిగులు క్షమించదగినది కాదు. జపానులోని తొయామా ప్రాంతంలో జింజూ నది వెంట గని నుంచి వచ్చిన కాడ్మియం వరిపొలాలకు చేరి, ఎముకలు గుల్లబారి చిన్న కదలికకే విరిగే ‘ఇతాయ్-ఇతాయ్’ వ్యాధిని కలిగించింది. నొప్పి, నొప్పి అని ఆ మాటకు అర్థం. అది కాలుష్యజన్య వ్యాధి అని 1968లో జపాను ప్రభుత్వం గుర్తించింది.

లూధియానాలో చిన్న కార్ఖానాలు ఒక్కొక్కటి ఇంత రసాయనశాల నడపలేవు గనుక ప్లేటింగు నీటిని ట్యాంకర్లలో సేకరించి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం ఫోకల్ పాయింట్ ప్రాంతంలో ఏర్పాటైంది. మంచి ఆలోచన. అయితే ఉమ్మడి కేంద్రం వున్నచోట కూడా కార్ఖానాలోనే క్రోమియాన్నీ సైనైడునూ వేరుగా పట్టి వుంచవలసి వుంటుంది. ట్యాంకరుకు ఇచ్చే ప్రతి లీటరుకూ రుసుము చెల్లించాలి గనుక, రాత్రివేళ మోరీలోకి వదిలివేయాలనే దురాశ యజమానికి పుట్టడమూ సహజం. దానిని కాపలా మాత్రమే ఆపలేదు. నీటి పరిమాణమే తగ్గితే రుసుమూ తగ్గుతుంది. ఆ మాటకు చివర వస్తాను.

అంతకుముందు మడ్డి. దీని దగ్గర అనువాదకునికి కూడా ఒక ఇబ్బంది వున్నది. హిందీలో పారిభాషిక పదకోశం దీనికి ‘ఆపంక్’ అనే గంభీరమైన పేరు పెట్టింది. పనివారు మాత్రం ‘గాద్’ అనే అంటారు. తెలుగులో నేను ‘మడ్డి’ అని రాస్తున్నాను, నూనెకుండ అడుగున మిగిలేదానికి మనం పెట్టుకొన్న పేరే. నన్ను నిజంగా చిక్కుపరచిన మాట ఇది కాదు. హిందీ ‘శోధన్’కు మనం రాసే ‘శుద్ధి’. నీరు శుద్ధి అయిందంటే విషం పోయిందని చదువరి అర్థం చేసుకొంటాడు. సైనైడు విషయంలో అది నిజం. లోహం విషయంలో జరిగినది చోటుమార్పు. నీటిలో వున్నది మడ్డిలోకి వచ్చింది, కిలోకు కిలో. శుద్ధి ఎంత బాగా జరిగితే మడ్డి అంత విషపూరితం.

ఆ మడ్డిని చెరువుగట్టున పోస్తే, ఆమ్లగుణం గల నీరు తగిలిన రోజున లోహం మళ్ళీ కరుగుతుంది. మట్టిలోని మాంగనీసు ఆక్సైడులు త్రిసంయోజక క్రోమియంలో కొంతభాగాన్ని తిరిగి షట్సంయోజకంగా మార్చగలవు. ఇటుకల మట్టిలో కలిపి కాల్చివేస్తే పీడ విరగడవుతుందనుకోవడం మరింత ప్రమాదం. సున్నంతో కలిసి గాలి తగులుతూ వేడెక్కిన క్రోమియం హైడ్రాక్సైడు క్రోమేటుగా మారుతుంది. క్రోమైటు ఖనిజం నుంచి పరిశ్రమలు క్రోమేటును తయారుచేసే పద్ధతి కూడా స్థూలంగా ఇదే, క్షారంతో కలిపి గాలిలో కాల్చడం. తొట్టి ముందు గంటసేపు శ్రమించి దింపిన దానిని బట్టీ మళ్ళీ పైకెక్కిస్తుంది.

1989లో మొదటిసారిగా, తరువాత 2008లోనూ 2016లోనూ తిరిగి రూపొందిన ప్రమాదకర వ్యర్థాల నియమాలు ఇటువంటి మడ్డిని లెక్క రాసి, నిర్ణీత కేంద్రానికే పంపాలని శాసిస్తున్నాయి. పంజాబుకు అటువంటి కేంద్రం డేరాబస్సీ సమీపాన నింబువాలో వున్నది. మన వైపు హైదరాబాదు దగ్గర దుండిగల్‌లోనూ, విశాఖపట్నం దగ్గర పరవాడలోనూ వున్నాయి. అక్కడ మడ్డిని సిమెంటు వంటి పదార్థాలతో గట్టిపరచి, అడుగున నీరు ఇంకని పొరలు పరచిన గోతులలో పూడ్చి, పైన కప్పుతారు. ఆ గోతికి కావలి ఎన్ని తరాలవారు కాయాలో ఎవరూ నిర్ణయించలేదు. లోహానికి గడువు లేదు.

నికెల్ మడ్డిని విడిగా పట్టివుంచితే దానిని కొనేవారున్నారు. నికెల్ విలువైన లోహం. క్రోమియం, ఇనుము, సున్నంతో కలిసిపోయిన నికెల్‌ను ఎవరూ కొనరు. మోరీని వేరుచేయడం వల్ల విషమొకటే తగ్గుతుందనుకోవద్దు, కొంత వెల కూడా తిరిగివస్తుంది.

ఇప్పుడు చివర వస్తానన్న మాట. లోహం నీటిలో చేరిన తరువాత తీయడం కంటె చేరకుండా చూచుకోవడం తేలిక. ఇందులో గణితం ఎంతో ముచ్చటైనది. వస్తువుకు అంటుకొన్న ద్రావణాన్ని వెయ్యిరెట్లు పలుచన చేసి కడగాలనుకొందాము. ఒకే తొట్టిలో కడిగితే అంటివచ్చిన ప్రతి లీటరుకూ 1,000 లీటర్ల నీరు కావాలి. రెండు తొట్లు వరుసగా పెట్టి, శుభ్రమైన నీటిని చివరి తొట్టిలోకి వదిలి, అక్కడ పొంగినది మొదటి తొట్టిలోకి వచ్చేటట్లు ఏర్పాటుచేస్తే 32 లీటర్లు చాలును. మూడు తొట్లయితే 10 లీటర్లు. వస్తువు ఒకవైపు నడుస్తుంది, నీరు ఎదురువైపు నడుస్తుంది. కడుగుదల మాత్రం ఒక్కటే. నికెల్ తొట్టి 50, 60 డిగ్రీల వేడిలో పనిచేస్తుంది గనుక నిత్యం నీరు ఆవిరవుతుంది. ఆ లోటును మొదటి కడుగుతొట్టి నీటితోనే పూరిస్తే తప్పించుకొనిపోయిన నికెల్ ఇంటికి తిరిగివస్తుంది.

ఇంతకంటె చౌకైనది ఇంకొకటున్నది. రాకును తొట్టి నుంచి ఎత్తిన తరువాత దాని మీదనే ఇరవై సెకన్లు నిలిపి వుంచితే అంటుకొన్న ద్రావణంలో చాలాభాగం బొట్లుబొట్లుగా తొట్టిలోకే రాలుతుంది. దీనికి యంత్రం అక్కరలేదు, మందు అక్కరలేదు. కాని రోజుకు 300 రాకులు ముంచేవానికి ఇరవై సెకన్లంటే గంటా నలభై నిమిషాలు. అతనికి కూలి వస్తువుల లెక్కన కడుతున్నారు. ఎదురుగా తొమ్మిది కిలోల బరువున్న ఇనుపరాకును చేతులతో ఎత్తి పట్టుకొని అంతసేపు నిలబడమని అతనికి ఉపదేశించడంలో అర్థం లేదు. తొట్టి పైన ఒక అడ్డకమ్మీ బిగించి, ఎత్తిన రాకును దానికి తగిలించి, అది కారుతున్నంతసేపూ అతడు తరువాతి రాకును ముంచుకొనేటట్లు చేయాలి. కారిన బొట్లు నేలపాలు కాకుండా తొట్ల నడుమ ఏటవాలుగా ఒక ప్లాస్టిక్ పలక వుండాలి. ఆ కమ్మీనీ, ఆ పలకనూ అమర్చవలసినది కార్ఖానా యజమాని.